కుడికి తిరిగే మెట్లు

"ఆపండి! చెయ్యి... నా చెయ్యి!"

మెట్ల మలుపులో పొడుగాటి వార్డుబాయ్ పెట్టిన కేకకి ఆ అంతస్తులో ఉన్నవాళ్ళందరూ తలుపుల్లోంచి తొంగిచూశారు. అతని ఎడమచెయ్యి చక్రాల కుర్చీ బ్రేకు పిడికీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. కుర్చీలో రోగికి బదులు పెట్టిన ఇసుక బస్తా మాత్రం తనకేమీ పట్టనట్టు దర్జాగా కూర్చుని ఉంది.

పెద్దకోడలు గబగబా మెట్లు దిగి కుర్చీని వెనక్కి గుంజింది. చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళ కణుపుల మీద చర్మం లేచి ఎర్రగా అయింది.

"నన్ను క్షమించండి. బాగా తగిలిందా?"

"ఏం లేదులెండమ్మా" అన్నాడతను వేళ్ళు ఊదుకుంటూ. "మత్తు దిగే రోగుల చేత రోజూ తన్నులు తినేవాణ్ణి. మీ కుర్చీ నయం, ఒక్కసారే కరిచింది."

ఎవరూ నవ్వలేదు. పైమెట్టు మీద సూపరింటెండెంటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన పెద్ద నర్సు. కాస్త వెనగ్గా, గోడకి ఆనుకుని, పెద్ద కంపెనీ తరఫున వచ్చిన సేల్స్ మనిషి. మెడకి టై, మొహాన చిరునవ్వు, రెండూ పొద్దుట్నుంచీ వదులు కాలేదు. అందుకే పెద్దకోడలి మరిది అతనికి టైబాబు అని పేరు పెట్టేశాడు. టైబాబు కుర్చీ ఇదే మెట్ల మీద అంతకుముందే జర్రున దిగిపోయింది.

లిఫ్టు ఆగినప్పుడల్లా రోగుల్ని మెట్ల మీంచి దింపడానికి చక్రాల కుర్చీలు కావాలని ఆస్పత్రివాళ్ళు పిలిచారు. రెండు కంపెనీలు వచ్చాయి. ఒకటి టైబాబుది. రెండోది పెద్దకోడలి అత్తవారి షెడ్డు. కుర్చీలు తయారుచేసేది మామగారూ, ఆమె భర్తా, మరిదీ, ఇంకొంతమంది పనివాళ్ళూ. అమ్మేది ఆమె. షెడ్డులో పనివాళ్ళ దగ్గర్నుంచి ఇనుము అమ్మే షావుకారు దాకా అందరూ ఆమెను పెద్దకోడలు అనే పిలుస్తారు.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ చూస్తాం" అన్నాడు సూపరింటెండెంటు. "ఈలోగా సరిచేసుకుంటే సరే సరి. లేదా..." మిగతా మాట నోటితో చెప్పలేదు, టైబాబు కుర్చీ వైపు చూశాడంతే.

ఆయన వెళ్ళగానే టైబాబు దగ్గరికి వచ్చాడు.

"బాధపడకండి మేడమ్. సాయంత్రానికి మనమంతా ఒకటే కంపెనీ అయిపోతాం కదా. మా మేనేజర్లు మీ ఇంట్లోనే ఉన్నారు, కాగితాలతో."

ఆ సంగతి పెద్దకోడలికి తెలుసు. పెద్ద ఆర్డరు ఒక్కటీ రాక మామగారు మనసు విరిగి కూర్చున్నారు. షెడ్డు కొనేస్తామని టైబాబు కంపెనీవాళ్ళు అడిగితే ఊ అన్నారు. వాళ్ళకి కావలసింది కుర్చీ నమూనా ఒక్కటే. షెడ్డుకి తాళం పడుతుంది, పనివాళ్ళు తలో దిక్కూ పోతారు. "ఈ ఆస్పత్రి ఆర్డరు వస్తే సంతకం పెట్టను. రాకపోతే సాయంత్రమే పెట్టేస్తాను. ఇక నన్ను ఆపొద్దు" అని ఆయన తెగేసి చెప్పారు.

ఆమె టైబాబుని దాటుకుని ముందుకి నడిచింది. వెళ్ళిపోతున్న పెద్ద నర్సు వెంట పడింది.

"సిస్టర్, ఒక్క మాట. ముందువైపు భవనంలో మెట్లు కూడా ఇలాగే కుడికి తిరుగుతాయా?"

నర్సు ఆగి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "అక్కడ ఎడమకి. ఇక్కడ కుడికి. కట్టినాయన బుర్ర ఎటు తిరిగితే మెట్లు అటు తిరిగాయి. ఎందుకు?"

"ఎందుకో నాకే ఇప్పుడిప్పుడే తెలుస్తోంది" అంది పెద్దకోడలు.

*

వ్యాను వెనక తలుపు తెరిచి మరిది అప్పటికే పనిముట్ల పెట్టె బోర్లించాడు. ఒంటినిండా చెమట.

"అర్థం కావట్లేదు వదినా. ఇంట్లో కొన్ని వందలసార్లు దింపాం. ఒక్కసారైనా గోడకి తగిలిందా?"

"తగల్లేదు. ఎలా తగుల్తుంది? మన మెట్లు దిగేటప్పుడు ఎటు తిరుగుతాం?"

మరిది గాల్లో చెయ్యి తిప్పుకుంటూ, కళ్ళు మూసుకుని, మనసులోనే ఇంటి మెట్లు దిగాడు. చెయ్యి ఎడమవైపు తిరిగి ఆగింది. మొహం పాలిపోయింది.

"ఓరి నాయనో."

అత్తగారి కాలు విరిగినప్పుడు ఆమెను మేడ మీంచి దింపడానికి మామగారు చేసిన కుర్చీ అది. ఆ తర్వాత ఎన్ని మార్పులు చేసినా, ఎన్ని కుర్చీలు అమ్మినా, దింపి చూసింది మాత్రం ఇంటి మెట్ల మీదే. ఆ మెట్లు దిగేటప్పుడు ఎడమకి తిరుగుతాయి. ఎడమవైపు కమ్మీ, దాని అవతల ఖాళీ. కాబట్టి బ్రేకు పిడి ఎడమవైపు ఉంటే చేతికి ఏ అడ్డూ లేదు. ఇక్కడ తిరగాల్సింది కుడికి. ఎడమవైపు గోడ. ఇంటిల్లిపాదీ కలిసి ఇన్నేళ్ళూ లోకంలో మెట్లన్నీ తమ మెట్లలాగే ఉంటాయనుకున్నారు.

"సరే, అయితే ఎంతసేపు! పిడి తీసి కుడివైపు బిగించేస్తాను" అన్నాడు మరిది స్పానరు అందుకుంటూ.

"ముందు భవనంలో ఎడమకి తిరుగుతాయట. అక్కడ ఎవరి చెయ్యి నలగ్గొడతావు? నీదా?"

స్పానరు కిందికి దిగింది. "రెండువైపులా రెండు పిడులు పెట్టాలంటే ఇంకో బ్రేకు కావాలి వదినా. ఇక్కడ నా వల్ల కాదు."

పెద్దకోడలు కుర్చీ వెనక నిలబడింది. మోసేవాడు పట్టుకునే అడ్డకమ్మీని రెండుచేతులా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఎడమ గోడ వస్తే చేతులు కుడికి జరుపుకుంటాం. కుడి గోడ వస్తే ఎడమకి. అంటే చేతులు మధ్యకి వస్తాయి.

"పిడి వద్దు. ఈ అడ్డకమ్మీ కిందే ఇంకో సన్నటి కమ్మీ, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. రెండూ కలిపి గుప్పిట పట్టుకుంటే బ్రేకు వదలాలి. చెయ్యి ఎక్కడున్నా సరే. గుప్పిట విప్పితే బ్రేకు పడిపోవాలి, ఇప్పుడు పడుతున్నట్టే. అవుతుందా?"

మరిది తల గోక్కున్నాడు. "కమ్మీ ఉంది. బిగింపులు ఉన్నాయి. కానీ బ్రేకు తీగ పొట్టిది. మధ్యదాకా రాదు."

"ఎలాంటి తీగ కావాలి?"

"సైకిలు బ్రేకు తీగ. పొడుగుది, వెనక చక్రానిది."

ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె వీధిలో ఉంది. రెండు వీధుల అవతల సైకిలు రిపేరు కొట్టు దొరికింది, కానీ సగం షట్టరు దించి ఉంది. ఆమె వంగి లోపలికి దూరింది. కొట్టతను నేల మీద కూర్చుని అన్నం తింటున్నాడు.

"భోజనం టైము తల్లీ."

"మీరు లేవొద్దు. ఎక్కడుందో చెప్పండి, నేనే తీసుకుంటాను."

అతను నోట్లో ముద్ద మింగి, ఎడమచేత్తో పైఅర చూపించాడు. "దొంగలు కూడా ఇంత మర్యాదగా రారు" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఫోను మోగింది. ఆమె భర్త. గొంతు గుసగుసలాడుతోంది.

"ఏమైంది? ఇక్కడ వాళ్ళు రెండోసారి కాఫీ తాగేశారు."

"ఇంకా తేలలేదండీ. మామయ్యగారు ఏం చేస్తున్నారు?"

"కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. చదవకుండా సంతకం పెట్టరు కదా."

"ఎక్కడ పెట్టి మర్చిపోయారు?"

"ఆయన మర్చిపోలేదు. నేను స్పానర్ల పెట్టెలో దాచాను."

పెళ్ళయినప్పట్నుంచీ తండ్రి ఎదుట నోరెత్తని మనిషి ఆయన. పెద్దకోడలికి పరుగులోనే నవ్వొచ్చింది. "అలాగే ఉండండి. ఇంకో కాఫీ పొయ్యండి వాళ్ళకి."

*

భోజనాలయ్యాక కుర్చీ రెండో అంతస్తు నించి దిగింది. వేళ్ళకి పట్టీ వేసుకున్న పొడుగాయనే పట్టుకున్నాడు. ముందువైపు అతని జోడీ, పొట్టిగా గుండ్రంగా ఉండే ఇంకో వార్డుబాయ్. మలుపు దగ్గర పొడుగాయన గోడ వైపు ఒకసారి అనుమానంగా చూసి, చేతులు మధ్యకి జరుపుకున్నాడు. కుర్చీ తిరిగింది. ఇసుక బస్తా తల ఊపుకుంటూ కిందికి వెళ్ళిపోయింది.

అందరూ ముందు భవనానికి నడిచారు. అక్కడ ఎడమ మలుపులోనూ దిగింది.

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"బాగానే ఉంది" అన్నాడు సూపరింటెండెంటు, అందరూ కుర్చీతో సహా వెనక భవనం రెండో అంతస్తుకి తిరిగొచ్చాక. "కానీ నత్తనడక. వాళ్ళది ఇందులో సగం సేపట్లో దిగింది. మెట్టు మెట్టుకీ ఆగుతోంది మీది. ఆ బ్రేకు తీసేయండి. తీసేస్తే మీ ధరకే ఒప్పుకుంటాను."

"మా దాంట్లో అసలా ఇబ్బందే లేదు సార్" అన్నాడు టైబాబు. "బ్రేకు కావాలనుకుంటేనే వేసుకోవచ్చు."

మరిది ఆమె చెవి దగ్గరకి వంగాడు. "ఒక్క బోల్టు, వదినా. ఒక్క బోల్టు ఊడదీస్తే ఆర్డరు మనది."

పెద్దకోడలి జేబులో ఫోను మళ్ళీ వణికింది. భర్త మెసేజీ పంపాడు. 'కళ్ళజోడు దొరికేసింది. చదువుతున్నారు.'

ఆమె ఫోను తిరిగి జేబులో పెట్టేసింది. ఒక్క బోల్టు. చెయ్యి జారని రోజుల్లో ఎవరికీ ఏమీ కాదు. జారిన రోజున ఇసుక బస్తా ఉండదు ఆ కుర్చీలో.

"అది తియ్యలేం సార్" అంది.

మరిది కళ్ళు మూసుకున్నాడు.

"ఏం?"

"మోసేవాళ్ళ చెయ్యి జారితే కుర్చీ ఎక్కడికక్కడ ఆగేది దాని వల్లే. మీరు ఏ మార్పు అడిగినా చేస్తాం, ఇక్కడే, ఇప్పుడే. అదొక్కటీ తప్ప."

"అయితే మాకు వద్దు" అన్నాడాయన. ఆ మాటలో కోపం కూడా లేదు. వాచీ చూసుకుని కదిలాడు.

పెద్దకోడలు ఆయనకి అడ్డంగా నిలబడలేదు, బతిమాలలేదు. పొట్టివార్డుబాయ్ వైపు తిరిగింది.

"అన్నా, నిజం చెప్పండి. అంత తొందర దేనికి? దిగాక కింద ఏం చేస్తారు?"

"కిందా? ఏముంది, డాక్టరు కోసం కూర్చుంటాం" అన్నాడు పొట్టాయన. పొడుగాయన ఫక్కున నవ్వి, సూపరింటెండెంటు వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"మరి తొందర?"

"మెట్ల మీద మాత్రం తొందరే అమ్మా. మీకు చెప్తే అర్థం కాదు."

"చెప్పొద్దు, చూపించండి." ఆమె ఇసుక బస్తాని కిందికి దొర్లించి తనే కుర్చీలో కూర్చుంది. "నన్ను దింపండి."

"వదినా!" అన్నాడు మరిది.

పెద్ద నర్సు గడియారం చూసి, "కాస్త ఆగండి సార్" అంది సూపరింటెండెంటుతో. "రోగుల్ని చూడ్డానికి బంధువుల్ని వదిలే టైము అవుతోంది. ఈ మెట్లు ఖాళీగా ఉన్నప్పుడు చూసి ఏం లాభం? ఇప్పుడు చూద్దాం."

కింద గేటు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. అంతే, రోగుల బంధువులు వరదలా మెట్లెక్కడం మొదలెట్టారు. సంచులు, ఫ్లాస్కులు, దుప్పట్లు, చంకన పిల్లలు. కుర్చీ మలుపు దగ్గరికి చేరేసరికి ఎదురుగా మనుషుల గోడ.

"ఏమయ్యా, దారికి అడ్డం!"

"ఎవరు ముందు? మేమా, మీరా?"

"చూసుకో తల్లీ, నీ కాళ్ళు!"

కుర్చీలో కూర్చున్న మనిషికి లోకం నడుముల ఎత్తులో కనిపిస్తుంది. ఎవరి సంచో ఆమె మోకాలికి కొట్టుకుంది. ఎవరో పాదాల పలక తట్టుకుని తూలారు. ఒకావిడ ఆ పలక మీదే కాలు పెట్టి ఎక్కి దాటేసింది. నిలబడి చూసినంతసేపూ కనబడనిది ఇప్పుడు ఆమెకి కాళ్ళ ముందే కనబడింది. పాదాలు పెట్టుకునే ఆ ఇనప పలక కుర్చీకి ముందుకు పొడుచుకొచ్చి మలుపు మొత్తాన్ని ఆక్రమించింది.

"ఇదీ సంగతి" అన్నాడు పొట్టాయన, భుజంతో జనాన్ని ఆపుకుంటూ. "ఆగితే వీళ్ళు తిడతారు. అందుకే ఎవరూ ఎదురురాకముందే దింపేయాలని పరిగెడతాం. ఆ పరుగులోనే భయం మాకు."

"అయితే మీకు కావలసింది వేగం కాదన్నా. పక్కకి తప్పుకునే చోటు." ఆమె తల తిప్పి పైకి అరిచింది. "మరిదీ! ఈ పాదాల పలక ఊడుతుందా?"

మరిది జనాన్ని తోసుకుంటూ దిగాడు. "ఊడుతుంది, కానీ..."

"ఊడదియ్యకు. కిందికి మడవాలి. సీటు కిందికి పోవాలి."

"బందు లేదు కదా వదినా మడవడానికి!"

"ఆ బోల్టులు రెండూ వదులు చెయ్యి. అవే బందు అవుతాయి."

మరిది ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఎవరయ్యా నువ్వు, మెట్ల మీద మెకానిక్ కొట్టు తెరిచావ్?" అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. "తొలి బోణీ మీదే బాబాయ్, కాస్త లైటు పట్టండి" అన్నాడు మరిది తల ఎత్తకుండా. ఆ పెద్దాయన గొణుక్కుంటూనే ఫోను లైటు వేసి పట్టుకున్నాడు.

బోల్టులు వదులయ్యాయి. పలక కిర్రుమంటూ సీటు కిందికి వెళ్ళింది. జారి మళ్ళీ రాకుండా పెద్దకోడలు తన భుజాన ఉన్న సంచి పట్టీ విప్పి కట్టేసింది. ఆమె పాదాలు నేల మీద ఆనాయి.

"ఇప్పుడు కుర్చీని నిటారుగా నిలబెట్టి మూలకి జరపండి."

పొడుగాయన గుప్పిట విప్పాడు. బ్రేకు పడింది. కుర్చీ ఆ మూలలో మామూలు కుర్చీలాగా నిలబడిపోయింది, గోడకి ఆనుకున్న మనిషి ఎంత చోటు తీసుకుంటాడో అంతే తీసుకుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. జనం పక్కనుంచి గలగలా ఎక్కిపోయారు. ఎవరూ తిట్టలేదు. లైటు పట్టిన పెద్దాయన వెళ్తూ వెళ్తూ "కాళ్ళు జాగ్రత్తమ్మా" అన్నాడు కూడా.

మెట్లు ఖాళీ అయ్యాక వార్డుబాయ్‌లు ఇద్దరూ ఆమెను తాపీగా కిందికి దింపారు. పొట్టాయన ఈల వేశాడు.

"ఇప్పుడు మీది" అంది పెద్ద నర్సు టైబాబుతో.

టైబాబు కుర్చీ జర్రున బయల్దేరింది. మలుపు దగ్గర రెండో దండు జనం ఎదురొచ్చింది. కుర్చీ ఆగడానికి చోటు లేదు, పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. కాసేపు తోపులాట జరిగాక వార్డుబాయ్‌లు దాన్ని వెనక్కి, పైకి మోసుకుపోయారు. కిందికి దింపడానికి చేసిన కుర్చీ పైకి ఎక్కుతుంటే టైబాబు మొదటిసారి మెడ దగ్గర ముడి వదులు చేసుకున్నాడు.

సూపరింటెండెంటు గడ్డం గోక్కున్నాడు. "వేగంగా దిగాలని నాతో చెప్పిందెవరు మరి?"

"నేనైతే చెప్పలేదు సార్" అంది పెద్ద నర్సు. "వీళ్ళు పరిగెడుతున్నారని మీరే చూశారు. పరిగెత్తే కుర్చీ కావాలనుకున్నారు." ఆమె పెద్దకోడలి వైపు తిరిగింది. "ఆ పట్టీతో కాదు, సరైన బందుతో కావాలి నాకు. కమ్మీకి మెత్తటి తొడుగు వెయ్యాలి, చలికాలం ఇనుము పట్టుకోలేరు వీళ్ళు. ఇంకోటి, ఆ నలుపు రంగు మార్చండి. దాన్ని చూస్తే రోగికి సగం ప్రాణం మెట్ల మీదే పోతుంది."

"మారుస్తాం సిస్టర్."

"రెండు భవనాలకీ, అన్ని అంతస్తులకీ. ఎన్నో నేను లెక్క రాసిస్తాను. సార్, సంతకం మీది."

సూపరింటెండెంటు కలం తీశాడు. పెద్దకోడలు ఆ ఆర్డరు కాగితం రెండుచేతులా అందుకుంది.

*

వ్యాను దగ్గరికి రాగానే ఫోను చేసింది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. మరిది స్టీరింగు మీద తల పెట్టుకుని, "పెట్టేశారు. సంతకం పెట్టేశారు వదినా" అన్నాడు.

ఆమె మళ్ళీ చేసింది. ఈసారి భర్త ఎత్తాడు. వెనక ఏవో మాటలు, కుర్చీలు జరుగుతున్న చప్పుడు.

"వచ్చిందండీ" అంది. ఇంకేమీ చెప్పలేకపోయింది.

అటువైపు ఆయన గొంతు, ఇరవై ఇళ్ళకి వినిపించేలా: "నాన్నా! వచ్చింది! పెన్ను కింద పెట్టండి!"

ఫోను మామగారి చేతిలోకి మారింది.

"ఏమ్మా, నిజమేనా? మీ ఆయన కళ్ళజోళ్ళు దాచేదాకా వచ్చాడు, వాడి మాట నేనిప్పుడు నమ్మను."

"కాగితం నా చేతిలో ఉంది మామయ్యగారూ. రెండు భవనాలకీ."

గట్టిగా ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"మూడుసార్లు చదివానమ్మా వాళ్ళ కాగితం" అన్నారు చివరికి. "ప్రతి పేజీ నెమ్మదిగా. అర్థం కాక కాదు. నువ్వు ఫోను చేస్తావేమోనని."

పెద్దకోడలు వ్యాను మెట్టు మీద కూలబడింది. ఏడుపో నవ్వో తెలియనిది గొంతులోంచి తన్నుకొచ్చింది. మరిది ఆ మొహం చూసి కంగారుపడి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె తాగకుండా మొహాన పోసుకుంది.

"మార్పులు చాలా ఉన్నాయి" అంది ఫోనులో. "బ్రేకు కమ్మీ మధ్యకి వచ్చింది. పాదాల పలక మడవాలి. తొడుగు, రంగు..."

"ఆగాగు, రాసుకోనీ... కాదు, రాసుకోవడమెందుకు, ఇప్పుడే మొదలెడతాం." ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే అటు తిరిగి అరిచారు. "అయ్యా, మీరు వెళ్ళిరండి, కాఫీలయ్యాయిగా! ఒరేయ్, పనివాళ్ళెవర్నీ ఇంటికి పోనియ్యకు! ఎవరక్కడ, ఆ కోత మిషను వెయ్యండి!"

దూరంగా మిషను ఒక్కసారి దగ్గి, ఆగి, మళ్ళీ అందుకుంది. ఇనుము కోస్తున్న ఆ కీచుమనే మోతలో మామగారు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. ఒక్క ముక్క కూడా వినబడలేదు. పెద్దకోడలు ఫోను పెట్టెయ్యలేదు. స్పీకరు వేసి, ఇద్దరి మధ్య సీటు మీద పెట్టింది. మరిది వ్యాను తీశాడు. ఊరు దాటేదాకా ఇద్దరూ ఆ మోత వింటూనే వెళ్ళారు.